వెనక్కి తీసుకున్న రిపోర్టు

ఫిర్దౌస్ మొదటిసారి ఆ ఇంట్లో కూర్చున్నది పావుగంట. టీకి పోయింది పోగా, ఫారం నింపడానికి పట్టింది పది నిమిషాలు.

నరసరావుపేటలో, సంక్షేమ శాఖ జిల్లా ఆఫీసులో ఆమె కేస్ మేనేజరు. కాంట్రాక్టు ఉద్యోగం. దివ్యాంగుల ఇళ్ళకూ, ఎవరూ లేని ముసలివాళ్ళ ఇళ్ళకూ వెళ్ళి, చూసి, మాట్లాడి, రిపోర్టు రాసి కింద సంతకం పెట్టడం పని. పైనున్న ఆఫీసర్లు మనిషిని చూడరు, ఆ రిపోర్టునే చూస్తారు. అది ఫిర్దౌస్‌కి తెలుసు. కానీ జిల్లా మొత్తానికి ఈ పనికి ఇద్దరే ఉంటే, రోజుకి ఆరిళ్ళు తిరగాల్సి వస్తే, ఆ ఎండలో కారంపూడి, దుర్గి మీదుగా బస్సులో వచ్చి మాచర్లలో దిగేసరికే ఒళ్ళు హూనమైపోతే, తెలిసిన సంగతులు కూడా పక్కకి పోతాయి.

మాచర్ల బజార్లో శ్రీమన్నారాయణ గారి విత్తనాల కొట్టు అంటే చుట్టుపక్కల రైతులందరికీ తెలుసు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఆయన పోయి మూడేళ్ళయింది, ఆయన భార్య పోయి ఏడాదైంది. ఇప్పుడు కొట్టు మీద కూర్చునేది కొడుకు శ్రీహర్ష. అతని చెల్లెలు హిమజకి ముప్ఫై ఒక్కేళ్ళు. పుట్టేటప్పుడు ఊపిరందక మెదడు దెబ్బతిన్నది. కాళ్ళూ చేతులూ చెప్పినట్టు వినవు, మెడ ఒకచోట నిలవదు, మాట ముద్దగా వస్తుంది. లేచింది మొదలు పడుకునేదాకా చక్రాల కుర్చీలోనే.

చెల్లెలికి తనను చట్టప్రకారం గార్డియన్‌గా నియమించమని శ్రీహర్ష అర్జీ పెట్టుకున్నాడు. దాని మీద విచారణకే ఫిర్దౌస్ వచ్చింది.

"విజయవాడ దగ్గర దివ్యాంగుల హోం ఒకటుంది మేడం. శుభ్రంగా ఉంది, నేను పోయి చూసొచ్చా. గార్డియన్ కాయితం లేందే చేర్చుకోం అన్నారు," అన్నాడు. కళ్ళ కింద నల్లగా చారలు పడి, నిద్ర లేని మనిషిలా ఉన్నాడు. "అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మే చూసుకుంది. మా ఆవిడకి ఇద్దరు పిల్లలతోనే సరిపోతుంది. నేను పొద్దున్నే కొట్లో కూర్చుంటే మళ్ళీ ఇంట్లోకొచ్చేది రాత్రికే."

ఫిర్దౌస్ ప్రశ్నలు చదివింది. శ్రీహర్ష జవాబులు చెప్పాడు. తనే తింటుందా? లేదు. తనే స్నానం చేస్తుందా? లేదు. హిమజ ఎదురుగానే ఉంది. మధ్యలో రెండుసార్లు గట్టిగా అరిచింది. మెడ పక్కకి తిరిగిపోయి, పెదవి చివర చొంగ కారింది. గోడ పక్కన నిలబడ్డ సైమా అనే పిల్ల వచ్చి తుడిచింది. పొద్దున్నే వచ్చి హిమజకి అన్ని పనులూ చేసిపెట్టి సాయంత్రానికి ఇంటికెళ్ళేది ఆమే.

"కొత్తవాళ్ళొస్తే అంతే మేడం," అన్నాడు శ్రీహర్ష.

పదహారో ప్రశ్న, సదరు వ్యక్తి తన అభిప్రాయం చెప్పగలరా అని. ఫిర్దౌస్ తలెత్తకుండానే "చెప్పలేరు" అని రాసింది. సంతకం పెట్టింది. పేరూ ఫోన్ నంబరూ ఉన్న రసీదు చింపి శ్రీహర్ష చేతికిచ్చి, తర్వాతి ఇంటికి బయల్దేరింది.

మూడో రోజు మధ్యాహ్నం, ఆఫీసులో అన్నం బాక్సు తెరుస్తుంటే ఫోన్‌కి మెసేజి వచ్చింది. తెలియని నంబరు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు.

"నేను హిమజ, మాచర్ల. నా గురించి అన్నీ మా అన్నయ్యని అడిగావు. నన్ను ఒక్క మాటా అడగలేదు. నేను అరిచింది ఏడుపనుకున్నావా. నేను పోను అని చెప్పా. రెండుసార్లు చెప్పా."

ఫిర్దౌస్‌కి మొదట వచ్చింది సిగ్గు కాదు, కోపం. ఎవరో వెనకుండి ఆడిస్తున్నారనుకుంది. ఆ నంబరుకి ఫోన్ చేసింది. సైమా ఎత్తింది.

"ఫోను నాదే మేడం. టైపు చేసింది మాత్రం అక్కే. ఎడంచేతి బొటనేలు ఒక్కటే ఆమె మాట వింటది. దాంతోనే కొట్టింది. గంట పైనే పట్టింది."

"నంబరు ఎక్కడిది?"

"మీరిచ్చిన రసీదు మీదుంది గదా. అన్న టీవీ పక్కన పెట్టాడు. అక్క చూసి తీసుకురమ్మంది."

ఫిర్దౌస్ బాక్సు మూసేసి కంప్యూటర్లో పాత రిపోర్టులు తెరిచింది. ఆ ఏడాది తను ఇలాంటి విచారణలు నలభై ఒకటి చేసింది. ఒక్కొక్కటీ తీసి పదహారో ప్రశ్న దగ్గర ఆగింది. ఇరవై మూడింట్లో అదే మాట, చెప్పలేరు. ఆ ఇరవై మూడు మందిలో సగం మంది ముఖాలు గుర్తు రాలేదు. గుర్తొచ్చిన వాళ్ళలో ఎవరిని తను నేరుగా అడిగిందో ఎంత తలచుకున్నా తేలలేదు.

శనివారం సెలవు పెట్టి మాచర్ల బస్సెక్కింది.

శ్రీహర్ష కొట్లో రైతులకి మిరప విత్తనాల ప్యాకెట్లు ఇస్తున్నాడు. ఆమెను చూసి మొహం ముడుచుకున్నాడు. "మళ్ళీ ఏంది మేడం? అయిపోయిందన్నారు గదా."

"ఒక ప్రశ్న సరిగ్గా అడగలేదు. ఆమెతో నేరుగా మాట్లాడాలి."

"అది మాట్లాడితే మీకేం అర్థమవుద్ది? నాకే సగం అర్థంగాదు."

"అర్థమయ్యేదాకా కూర్చుంటా."

వెనక గదిలో హిమజ కిటికీ పక్కన ఉంది. సైమా మాట అందించబోతే హిమజ మోచేత్తో తోసేసింది. పెదవులు బిగించి, మెడ నరాలు ఉబ్బేలా కూడదీసుకుని ఏదో అంది. ఫిర్దౌస్‌కి ఒక్క ముక్కా తెలియలేదు. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ తెలియలేదు. తెలిసినట్టు తలాడిద్దామనిపించింది. అందరూ చేసేది అదేనని తట్టి, ఆగింది.

"తెలియలేదు. ఇంకోసారి చెప్పండి."

హిమజ కళ్ళు మూసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. అయిదోసారికి అందింది. "ఆలస్యంగా వచ్చావ్" అంటోంది.

గంటన్నరకి ఫిర్దౌస్ చెవి దారిలో పడింది. పెదవులు కలిస్తేగానీ రాని అక్షరాలు ఆమె నోట రావు. ప, బ, మ ఏవీ పలకవు, వాటి స్థానంలో గాలి వస్తుంది. వాటిని మనమే వేసుకుని వినాలి. ఆ లెక్కన మొదటిరోజు తను ఏడుపనుకున్న అరుపు "ఓను." అంటే పోను. మాట చాలా స్పష్టమైనది. తనే సరిగ్గా వినలేదు.

"హోం మంచిదేనంట గదా. మీ అన్నయ్య పోయి చూసొచ్చాడు," అంది ఫిర్దౌస్, అడగాల్సింది అడగాలని.

"మంచిదైతే నువ్వు పో," అంది హిమజ.

సైమా నవ్వు ఆపుకోలేకపోయింది. ఫిర్దౌస్ కూడా నవ్వింది. హిమజ నవ్వలేదు. ఆమె జోకు వెయ్యలేదు.

ఫిర్దౌస్ బయల్దేరబోతుంటే సైమా మంచం కింది నుంచి ఒక పాత ఫోన్ తీసి చూపించింది. శ్రీమన్నారాయణ గారు బతికున్నప్పుడు కొట్టు వాట్సాప్ ఆ ఫోన్లోనే ఉండేది. రైతులు ముడుచుకున్న మిరపాకుల ఫోటోలు పెట్టేవాళ్ళు. అది నల్ల తామర పురుగా, వైరస్సా, ఏ మందు కొట్టాలి, ఎప్పుడు కొట్టకూడదు, జవాబులన్నీ హిమజ బొటనేలితో కొట్టినవే. పదిహేనేళ్ళు తండ్రి పక్కన కుర్చీలో కూర్చుని విని నేర్చుకుంది. రైతులు మాత్రం షావుకారే రాస్తున్నాడనుకునేవాళ్ళు. ఆయన పోయాక శ్రీహర్ష కొత్త ఫోను, కొత్త నంబరు పెట్టుకున్నాడు. ఆ ఫోన్ మంచం కిందికి చేరింది.

"ఇవి రిపోర్టులో పెడతా," అంది ఫిర్దౌస్. " ఇవి చూశాక మీకు తెలివి లేదని ఎవరనగలరు?"

"వద్దు," అంది హిమజ.

"ఎందుకొద్దు?"

హిమజ చాలాసేపు తంటాలు పడింది. ఈసారి ఫిర్దౌస్ తొందరపెట్టలేదు.

"ఆ పని రాకపోతే పంపెయ్యొచ్చా?" అంది హిమజ. ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "నాకేమీ చేతగాకపోయినా ఇది నా ఇల్లు. పోను అన్నా గదా. అది రాయి. అదొక్కటే రాయి."

ఫిర్దౌస్ ఆ పాత ఫోన్ సైమా చేతికి ఇచ్చేసింది. బస్సులో దారి పొడుగునా ఆ మాటే నమిలింది. తను సాయం చేస్తున్నాననుకుంటూ, మళ్ళీ ఆ మనిషి మాట దాటి పోబోయింది.

సోమవారం పొద్దున్నే పై ఆఫీసరు రాజరత్నం గారి గదిలోకి వెళ్ళింది. రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి. కఠినుడు కాదు, ఎవరితోనూ గొడవ పెట్టుకోడు.

"సార్, మాచర్ల హిమజ ఫైల్లో నా రిపోర్టు తప్పు. వెనక్కి తీసుకుని కొత్తది ఇస్తా."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. "ఫైలు కలెక్టరేటుకి పోయిందమ్మా. పద్నాలుగున గార్డియన్ కమిటీ. ఆ రోజే ఆర్డరు అవుద్ది. ఇప్పుడు తప్పంటే ఎట్టా?"

"ఆమె అభిప్రాయం చెప్పలేరని రాశా. ఆమె చెప్పింది, నేను వినలేదు."

"చూడు ఫిర్దౌస్. మనిషితో మాట్లాడకుండా సంతకం పెట్టానని నువ్వే రాసిస్తే నీ మీద నేను చర్య తీసుకోవాల. మార్చిలో నీ కాంట్రాక్టు రెన్యువల్. ఇంట్లో జీతం తెచ్చేది నువ్వొక్కదానివేనన్నావు. ఆ అబ్బాయేమీ దుర్మార్గుడు కాదు గదా, అక్కను..." ఆయన కాయితం చూసి సరిచేసుకున్నాడు. "చెల్లెల్ని మంచి చోటే పెడతానంటున్నాడు."

"అతను మంచివాడే సార్. ఆమె పోనంటోంది."

"నువ్వు రాసుకురా. నేను 'ఆలస్యంగా అందింది' అని పక్కన పెడతా. నీకూ నాకూ ఇబ్బంది ఉండదు."

"పక్కన పెట్టొద్దు సార్. పైకి పంపండి. మీరు పంపకపోతే పద్నాలుగున నేనే తీసుకుపోయి కలెక్టరు గారి చేతికిస్తా."

ఆయన ఆమె వైపు అదోలా చూశాడు. ఏడేళ్ళలో ఈ పిల్ల తన ముందు గొంతు పెంచింది లేదు. ఇప్పుడూ పెంచలేదు. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోకుండా, టేబుల్ మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"చర్య తీసుకుంటా మరి," అన్నాడు.

"తీసుకోండి సార్."

కొత్త రిపోర్టులో ఆమె పెద్దగా ఏమీ రాయలేదు. మొదటి విచారణలో దరఖాస్తుదారుతో మాత్రమే మాట్లాడానని, సదరు వ్యక్తిని ప్రశ్నించలేదని, అది తన తప్పేనని రాసింది. రెండోసారి మూడు గంటలు కూర్చున్నానని, ఆమె మాట అర్థం కావడానికి సమయం పడుతుందని, అర్థమవుతుందని రాసింది. పదహారో ప్రశ్న దగ్గర, "చెప్పగలరు. హోంకి వెళ్ళనని చెప్పారు." మిరపాకుల సంగతి రాయలేదు.

ఆ సాయంత్రమే శ్రీహర్ష ఫోన్ చేశాడు. ఆఫీసు నుంచి కబురు అందినట్టుంది.

"మా ఇంటి మనిషిని నా మీదికే ఎగదోశారు మేడం. మీరు రెండుసార్లొచ్చి కూర్చుని పోయారు. ముప్ఫై ఏళ్ళు మోసింది మేము. రేపు దానికి జొరమొస్తే మీరొస్తారా? నేను సరుక్కి పోయినప్పుడు కుర్చీలోంచి పడితే మీరొచ్చి లేపుతారా?"

"రాలేనండి," అంది ఫిర్దౌస్. "మీరన్నది నిజమే. అయినా ఆమె చెప్పిన మాట చెప్పలేదని రాయలేను."

అతను ఫోన్ పెట్టేశాడు.

పద్నాలుగో తారీఖు కలెక్టరేట్లో మొదటి అంతస్తు గది. కమిటీలో ముగ్గురు: కలెక్టరమ్మ, ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఒకాయన, దివ్యాంగుల తరఫున బాజీ అనే లెక్చరరు. చిన్నప్పుడు పోలియో రావడంతో ఆయన రెండు కాళ్ళకీ ఇనప పట్టీలు వేసుకుంటాడు. శ్రీహర్ష, అతని భార్య ప్రత్యూష, హిమజ కుర్చీ తోసుకుంటూ సైమా వచ్చారు. రాజరత్నం గారు ఫైలు ఒళ్ళో పెట్టుకుని గోడ పక్కన కూర్చున్నాడు. కొత్త రిపోర్టు ఫైల్లో అన్నిటికన్నా పైనే ఉంది. ఫిర్దౌస్ దాన్ని చూసి ఆయన వైపు తిరిగింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"రెండు రిపోర్టులు, రెండు రకాలు. ఏది నిజం?" అంది కలెక్టరమ్మ.

"రెండోది మేడం. మొదటిది నేను సరిగ్గా చెయ్యలేదు." గదిలో అందరి ముందూ ఆ మాట అనడం అనుకున్నదానికన్నా కష్టమైంది. "ఆమెనే అడగండి. కాస్త ఆగి వినాలి."

కలెక్టరమ్మ గడియారం చూసుకుని, తర్వాత హిమజ వైపు తిరిగింది. హిమజ మాట్లాడింది. ఎవరికీ అర్థం కాలేదు. శ్రీహర్ష చెప్పబోయాడు, సైమా చెప్పబోయింది, ఫిర్దౌస్ నోరు కూడా తెరుచుకుంది. హిమజ ఎడంచేత్తో కుర్చీ చెయ్యి మీద ఠపీమని కొట్టింది. ముగ్గురూ ఆగారు. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది.

బాజీ గారు కుర్చీ జరుపుకుని ఆమె ముందుకొచ్చాడు. ఆయన హిమజ పక్షాన ఉంటాడని ఫిర్దౌస్ అనుకుంది. ఆయన అడిగింది వేరు.

"అమ్మా, నేనూ మీలాంటోణ్ణే కాబట్టి సూటిగా అడుగుతున్నా. మీ అన్నయ్య విసిగిపోయి, రేపట్నుంచి నా వల్ల కాదంటే ఎవరు చూస్తారు? అట్టా వదిలేసిన వాళ్ళని నేను చానా మందిని చూశా. హోంలో కనీసం అన్నం పెడతారు."

"సైమా ఉంది," అంది హిమజ. "దాని జీతానికి నా పింఛను ఉంది. గది మా నాన్న కట్టించింది."

"పడిపోతే?"

"కేకేస్తా." ఇది అందరికీ ఒక్కసారికే అర్థమైంది. "కేకెయ్యడం నాకు బాగా వచ్చు."

బాజీ గారి మొహంలో నవ్వు కదిలింది, కానీ వదల్లేదు. "మీ అన్నయ్య మీద మీకు కోపమా?"

హిమజ మెడ శ్రీహర్ష వైపు తిప్పాలని చూసింది. మెడ అటు రాలేదు, ఇంకో వైపు పోయింది. గోడని చూస్తూనే చెప్పింది. రెండుసార్లు ఆగి, మూడోసారి పూర్తి చేసింది.

"వాడు అలిసిపోయాడు. అలిసిపోయానని చెప్పమను. నాకు తెలివి లేదని ఎందుకు చెప్తాడు?"

శ్రీహర్ష అప్పటిదాకా నేల చూస్తున్నాడు. ఆ మాటకి చేతులతో మొహం కప్పుకున్నాడు. ప్రత్యూష అతని భుజం మీద చెయ్యి వేసి, కమిటీ వైపు చూడకుండా, "అలిసిపోయాం అండీ. ఇద్దరమూ," అంది.

వెనకున్న గుమాస్తా తర్వాతి కేసు వాళ్ళు బయట ఎదురుచూస్తున్నారని గుర్తుచేశాడు. కలెక్టరమ్మ ఉండమని సైగ చేసి, తనే రాసుకుంది. గార్డియన్ అర్జీ తిరస్కరణ. పగలు సైమాకి తోడుగా ఇంకొక మనిషిని ఆఫీసు తరఫున ఏర్పాటు చెయ్యడానికి వీలుందేమో నెలలోపు చెప్పాలని రాజరత్నం గారికి ఆదేశం. శ్రీహర్ష లేచి వెళ్ళిపోయాడు. కుర్చీ లిఫ్టు దాకా ఫిర్దౌస్ తోసుకెళ్ళింది. హిమజ థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదని ఫిర్దౌస్‌కి అనిపించింది.

మెమో వారానికి వచ్చింది. విచారణ చెయ్యకుండా రిపోర్టు సమర్పించినందుకు సంజాయిషీ ఇవ్వాలని. ఫిర్దౌస్ రెండు పేరాల్లో జవాబిచ్చింది. మొదటి పేరాలో తప్పు ఒప్పుకుంది. రెండో పేరాలో, ఇదే తప్పు ఇంకో ఇరవై రెండు ఫైళ్ళలో కూడా చేసి ఉండొచ్చని, వాటి నంబర్లు జత చేస్తున్నానని, ఆ ఇళ్ళకి మళ్ళీ వెళ్ళడానికి అనుమతి ఇవ్వాలని రాసింది.

రాజరత్నం గారు ఆ కాయితం పట్టుకుని ఆమె టేబుల్ దగ్గరికే వచ్చాడు. "రెండో పేరా తీసెయ్యమ్మా. మొదటిదాంతో హెచ్చరిక ఇచ్చి వదిలేస్తారు. రెండోది ఉంటే వదలరు."

"ఉండనివ్వండి సార్."

వదల్లేదు. ఆమెను నరసరావుపేట నుంచి గురజాల మార్చారు. మార్చిలో రెన్యువల్ ఏడాదికి కాకుండా మూడు నెలలకే ఇచ్చారు. అనుమతి మాత్రం వచ్చింది, ఎవరి దయో తెలియలేదు. వారానికి రెండిళ్ళ చొప్పున ఫిర్దౌస్ పాత ఫైళ్ళ ఇళ్ళకి తిరగడం మొదలుపెట్టింది. కొన్ని ఇళ్ళలో మనిషి నిజంగానే చెప్పలేని స్థితిలో ఉన్నారు. కొన్ని ఇళ్ళలో చెప్పారు. ఒకచోట ఆమె మళ్ళీ వెళ్ళేలోపే మనిషి పోయారు.

జూన్‌లో ఒకరోజు రెంటచింతల దగ్గర బస్సులో ఉండగా ఫోన్ మోగింది. సైమా నంబరు. మాట్లాడింది హిమజ.

"అన్నయ్య గుమ్మం దగ్గర వాలు వేయించాడు. కుర్చీ దిగడానికి," అంది. ఈ మధ్య ఫిర్దౌస్‌కి ఫోన్లో కూడా ఆ మాట అందుతోంది.

"మంచిదే గదా. మాట్లాడుతున్నాడా మీతో?"

"లేదు. మేస్త్రీతో మాట్లాడుతున్నాడు. నిటారుగా వేయించాడు. నేను దొర్లి బజార్లో పడతా."

"చెప్పండి మరి."

"చెప్పా. అర్థం కానట్టు నటించాడు. మళ్ళీ చెప్పా. ఇవాళ పగలగొడుతున్నారు."

ఫోన్లోంచి సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. వాటి మధ్యలో హిమజ మేస్త్రీ మీద ఏదో కేకేసింది. అవతల శ్రీహర్ష గొంతు, విసుగ్గా, "సరే, ఎంత పొడుగు కావాలో నువ్వే చెప్పు," అనడం ఫిర్దౌస్ విన్నది.